వాస్కెల్, వెస్కెల్

ఆల్డర్‌ఫ్లీట్‌లో వాస్కెల్ అనే ఇంటిపేరు గలవాళ్ళు ఇద్దరే మిగిలారు, ఓబెడ్, అతని కూతురు కెజయా. పెద్ద డ్రెయినుకు ఇవతలి గట్టున వాళ్ళ పొలం. అవతలి గట్టున వెస్కెల్ వాళ్ళు. వాళ్ళు మాత్రం నిండుగా ఉన్నారు: జేబెజ్, అతని పెళ్ళాం, ముగ్గురు కొడుకులు, కోడళ్ళు, లెక్కకు మించి మనవలు. ఇంగ్లండు మొత్తం గాలించినా ఈ రెండు పేర్లూ ఈ రెండు గట్ల మీద తప్ప ఇంకెక్కడా దొరకవని ఊళ్ళో గొప్పగా చెప్పుకునేవారు. రెంటికీ ఒక్క అక్షరం తేడా. ఆ ఒక్క అక్షరం మీదే మూడు వందల ఏళ్ళుగా రెండిళ్ళ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

వా ఇంటివాళ్ళు చర్చికి వెళ్ళేవారు. వె ఇంటివాళ్ళు మెథడిస్టు మందిరానికి. వా ఇంట్లో పంది కోసిన రోజు వె ఇంటివాళ్ళు కిటికీలు మూసుకునేవారు. బడిలో మాస్టరు హాజరు పిలిచేటప్పుడు ఆ అక్షరం ఒకదానికి బదులు ఇంకొకటి పలికితే, పలికించుకున్న పిల్లాడు ఇంటికెళ్ళి తండ్రిని వెంటబెట్టుకొచ్చేవాడు. మాస్టర్లు మారిపోయేవారు కాని గొడవ మారేది కాదు.

గొడవకు మూలం ఇదని ఓబెడ్ చెప్పేవాడు. పూర్వం ఇదంతా నీళ్ళు. ఊరివాళ్ళు పడవల మీద తిరుగుతూ మలుగు పాము చేపలు పట్టుకుని, బాతులు కొట్టుకుని, రెల్లు కోసుకుని బతికేవారు. ఎవరో దొరలు వచ్చి నీళ్ళు తోడించి నేల పంచుకుంటామని సముద్రం అవతలి నుంచి కూలీలను దింపి కాలువలు తవ్వించారు. ఊరివాళ్ళ కడుపు మండింది. మాథ్యూ వాస్కెల్ అనే మొనగాడు పార పట్టుకుని వెళ్ళి గట్టు తెగ్గొట్టాడు. అతని తమ్ముడు లూక్ భయపడి సైనికులకు ఆ సంగతి చేరవేశాడు. అన్నను గుర్రానికి కట్టి ఈడ్చుకుపోయారు. ఊళ్ళో తలెత్తుకోలేక తమ్ముడు ఇంటిపేరులో అక్షరం మార్చుకుని వెస్కెల్ అయ్యాడు. ఇదే కథను అవతలి గట్టున జేబెజ్ చెబితే, గట్టు తెగ్గొట్టిన మొనగాడు లూక్, చాడీ చెప్పినవాడు మాథ్యూ. మిగతాదంతా పొల్లు పోకుండా ఒకటే.

1957 వేసవి చివర్లో జిల్లా బోర్డు వాళ్ళు ఊళ్ళోని దారులన్నిటికీ పేర్ల పలకలు పాతిస్తామని ఉత్తరం రాశారు. కరకట్ట వెంట సాగే దారికి ఊరి పంచాయతీ ఏ పేరు చెబితే ఆ పేరు. ఓబెడ్ అప్పటికే మంచం మీద ఉన్నాడు. దగ్గుకీ దగ్గుకీ మధ్య సందు చూసుకుని మాట్లాడేవాడు. అది మొదటినుంచీ వాస్కెల్ దారేనని, తన తాత కట్టించిన రాతి తూము ఇంకా ఆ దారి మొదట్లోనే ఉందని చెప్పాడు. "పలక మీద మన అక్షరం పడాలి కెజయా. నువ్వు ఆడపిల్లవి. నీ తర్వాత మనమనేవాళ్ళం ఉన్నామనడానికి ఇంకేం ఉంటుంది" అన్నాడు. సెప్టెంబరు నెలాఖరులో పోయాడు.

అంత్యక్రియలకు వెస్కెల్ వాళ్ళు రాలేదు. రారని అందరికీ తెలుసు. కాని గుంటలో మట్టి వేస్తున్నంతసేపూ జేబెజ్ పెద్దకొడుకు సమాధుల తోట గోడ పక్కన ట్రాక్టరు నిలబెట్టి ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. పాస్టరు గారి ప్రార్థన ఒక్క ముక్క ఎవరికీ వినపడలేదు. కెజయా తలెత్తి అటు చూసింది. వాడు టోపీ కూడా తీయలేదు.

మూడు వారాలు తిరక్కుండానే పంపుహౌసు తలుపు మీద కాగితం అంటించారు. కరకట్ట దారికి వెస్కెల్ దారి అని పేరు పెట్టాలని పంచాయతీ నిర్ణయించబోతోందని, అభ్యంతరాలు ఉంటే వచ్చే శనివారం బడిలో జరిగే సమావేశంలో చెప్పుకోవచ్చని అందులో రాసి ఉంది. కింద ప్రెసిడెంటు సంతకం. ప్రెసిడెంటు జేబెజే.

కెజయాకు నలభై ఎనిమిదేళ్ళు. పొడుగు మనిషి. బంగాళాదుంపలు తవ్వి తవ్వి చేతులు మగవాడి చేతుల్లా మొరటుదేలాయి. ముక్కు మీద కోపం. ఆ కాగితం చింపి జేబులో కుక్కుకుని నేరుగా హొరేస్ ప్లౌరైట్ కొట్టుకు వెళ్ళింది. ఊళ్ళో ఉన్న ఒక్క కొట్టూ అతనిదే, పంచాయతీ గుమాస్తా కూడా అతనే.

"ఏమ్మా, నోటీసు చింపకూడదు, అది ప్రభుత్వానిది" అన్నాడు ప్లౌరైట్, చక్కెర పొట్లం కడుతూ.

"మా నాన్న పోయేదాకా ఆగారా దీనికోసం?"

ప్లౌరైట్ దారం తెంచి మెల్లగా చెప్పాడు, తనకేం పక్షపాతం లేదన్నాడు. ఆ దారి మీద వెస్కెల్ వాళ్ళ గుమ్మాలు నాలుగున్నాయి, వాస్కెల్ గుమ్మం ఒక్కటి. అక్షరం తమదే అసలైనదని ఎవరైనా కాగితం చూపిస్తే పంచాయతీ వింటుంది. చర్చిలో పాత రిజిస్టర్లు ఉన్నాయి కదా. ఈ మాటలు అంటున్నప్పుడు అతని మొహంలో చిన్న నవ్వు ఆడింది. కెజయా చదువు ఎంతో అతనికి తెలుసు.

ఆ కొట్టు గోడకే ఇంకో కాగితం వేలాడుతోంది. మందిరం వెనక ఖాళీగా ఉన్న ఇంటిని పోలండు నుంచి వచ్చిన కూలీ కుటుంబానికి అద్దెకు ఇవ్వకూడదని ఊరివాళ్ళు పెట్టుకున్న అర్జీ అది. జేబెజ్ సంతకం మొదట ఉంది. పన్నెండో సంతకం కెజయాది. రెండిళ్ళ సంతకాలూ ఒకే కాగితం మీద పడింది ఆ ఒక్కసారే. పరాయివాళ్ళ విషయంలో ఊరంతా ఒకటే మాట.

పాస్టరు పించ్‌బెక్ గారు ఊరికి కొత్త. ముప్పై ఐదేళ్ళుంటాయి, యుద్ధంలో పనిచేసి వచ్చాక పాస్టరు అయ్యాడు. పాత చేతిరాతలు చదవడమంటే ఆయనకు సరదా. మంగళవారం మధ్యాహ్నం చర్చి వెనక గదిలో ఇనుప పెట్టె తెరిచి, రిజిస్టర్లు ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టాడు. కెజయా కోటు విప్పకుండా ఎదురుగా కూర్చుంది.

వెనక్కి వెనక్కి వెళ్ళారు. తన తాత బాప్తిస్మం దగ్గర వా ఉంది, బాగానే ఉంది. ముత్తాత పెళ్ళి దగ్గర వె ఉంది. అంతకు ముందు మళ్ళీ వా. జేబెజ్ ముత్తాతకు ఒక పేజీలో వె, సమాధి చేసిన పేజీలో వా. ఒకే మనిషికి ఒకే ఏడాది రెండూ ఉన్నాయి ఒకచోట. కెజయాకు ఒళ్ళు మండుకొచ్చింది.

"సరిగ్గా చూడండి. మావాళ్ళు ఎప్పుడూ వె రాసుకోలేదు."

"మీవాళ్ళెవరూ రాసుకోలేదండీ" అన్నాడు పాస్టరు గారు. "అందరూ వేలిముద్రలాగా శిలువ గుర్తు పెట్టినవాళ్ళే. పక్కన పేరు రాసింది ఏ పూటకు ఆ గుమాస్తా. చెవికి ఎలా వినపడితే అలా రాశాడు."

బుధవారం మళ్ళీ వచ్చింది. అన్నిటికన్నా అడుగున తోలు అట్ట పుస్తకం ఒకటి ఉంది. అంచులు ఎలుకలు కొరికేశాయి కాని మధ్యలో రాత చెదరలేదు. పాస్టరు గారు భూతద్దం పెట్టి ఒక పేజీ దగ్గర ఆగాడు. తర్వాత వేలు పెట్టి మెల్లగా చదివాడు. 1653 ఫిబ్రవరి. ఆనాటి పాస్టరు స్వదస్తూరీతో రాసుకున్నది. జెహాన్ ద వాస్కాల్ అనే పరాయి మనిషిని, కాలువ తవ్వే కూలీని, అతని భార్య మరీని ఒకే గుంటలో పూడ్చాను. ఈ ఊరి మనుషులు గట్టు తెగ్గొట్టడంతో గుడిసెలో నిద్రపోతూ మునిగిపోయారు. అటక మీద తొట్టెలో పెట్టిన ఇద్దరు మగబిడ్డలు, మాథ్యూ, లూక్, బతికి బయటపడ్డారు. వాళ్ళను ఒక విధవరాలికి పెంపకానికి అప్పగించాను. తెగ్గొట్టినవాళ్ళు క్రౌసన్, ప్లౌరైట్, ఇంకా కొందరు. వాళ్ళ పేర్లు వేదిక మీద నుంచి చదివాను. ఎవరూ వాళ్ళ మీద చెయ్యి వేయలేదు.

గదిలో చలిగా ఉంది. కెజయా చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది.

"వాస్కాల్ అంటే ఏమిటి?"

అది ఊరిపేరని పాస్టరు గారు చెప్పాడు. సముద్రం అవతల, ఫ్రాన్సులో లీల్ పట్టణం పక్కన ఉంది. యుద్ధంలో తన దళం ఆ పక్కనే రెండు రాత్రులు బస చేసింది. ఆ ఊరినుంచి వచ్చినవాడు కాబట్టి ఆ పేరు. ఇక్కడివాళ్ళ నోట్లో నలిగి నలిగి ఒక కొడుకు సంతానానికి అలా, ఇంకో కొడుకు సంతానానికి ఇలా స్థిరపడిపోయింది.

"మావాళ్ళు గట్టు తెగ్గొట్టినవాళ్ళండీ" అంది కెజయా. గొంతు గట్టిగానే ఉంది.

"కాదండీ. మీవాళ్ళు గట్టు కింద ఉన్నవాళ్ళు."

ఆమె కుర్చీలోంచి లేచింది. నిన్నగాక మొన్న వచ్చినవాడివి, మా ఊరి సంగతి నీకేం తెలుసని ఆయన మొహం మీదే అంది. ఆయన కోపం తెచ్చుకోలేదు. పుస్తకం ఆమె వైపు తిప్పాడు. అప్పుడే ఆ పేజీకి ఎదురు పేజీలో, అంచున, పెన్సిలుతో సన్నగా రాసిన రెండు వరుసలు కెజయాకు కనిపించాయి. ఈ రాత పాతది కాదు, తనే చదవగలిగింది. ఈ పుట జేబెజ్ వెస్కెల్‌కు చదివి వినిపించాను, 1931 మార్చి. కింద పాత పాస్టరు గారి పొడి అక్షరాలు.

కెజయా మళ్ళీ కూర్చుంది. ఒకసారి పేజీ అంతా కాగితం మీద ఎత్తి రాసివ్వమని అడిగింది.

1931లో కెజయాకు ఇరవై రెండేళ్ళు. జేబెజ్ తమ్ముడు అమోస్‌కు ఇరవై నాలుగు. అంతకు ముందు ఏడాది సెలెరీ కూర మొక్కలు నాటే పనిలో కలిశారు, తర్వాత లాకుల దగ్గర కలుసుకునేవారు. ఏడాది నడిచింది. పెళ్ళి మాటెత్తేసరికి రెండు ఇళ్ళూ నిప్పులు కక్కాయి. చాడీలు చెప్పిన ఇంటికి కోడలిగా వెళ్తే నా శవం చూస్తావని ఓబెడ్ అన్నాడు. అవతల అమోస్ తండ్రి కూడా అదే అన్నాడు, చాడీలు చెప్పిన ఇల్లు మాత్రం మారింది. అప్పుడు అమోస్‌కు ఒక ఆలోచన వచ్చింది. అసలు ఎవడు చాడీ చెప్పాడో చర్చి పుస్తకాల్లో ఉండకపోదు. అందులో ఏమున్నా సరే, ఇద్దరి నాన్నల నోళ్ళూ మూతపడతాయి. అమోస్ నోరు లేనివాడు. పాస్టరు దగ్గరికి వెళ్ళి అడగడానికి అన్నను పంపాడు. జేబెజ్ వెళ్ళి వచ్చి, ఎలుకలు కొట్టేశాయి, ఒక్క ముక్క మిగల్లేదన్నాడు. రెండు వారాల తర్వాత అమోస్ స్కన్‌థోర్ప్‌లో ఉక్కు ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఆమెను చూడలేదు. అక్కడే పెళ్ళి చేసుకున్నాడని మూడేళ్ళకు తెలిసింది. కెజయాను అడిగినవాళ్ళు తర్వాత ఇద్దరున్నారు. ఇద్దర్నీ కాదంది. అంతా ఆ పేరు చేసిన పనేనని అనుకుంటూ ఇరవై ఆరేళ్ళు గడిపింది.

గురువారం పొద్దున ఆమె కరకట్ట మీదుగా నడిచి వెళ్ళింది. జేబెజ్ దారి పక్కనే బంగాళాదుంపల కుప్ప మీద గడ్డి పరిచి మట్టి కప్పుతున్నాడు. యాభై ఆరేళ్ళవాడు, మెడ ఎద్దు మెడలా ఉంటుంది. ఆమెను చూసి కూడా పార ఆపలేదు.

"ముప్పై ఒకటిలో పాస్టరు దగ్గరికెళ్ళి ఏం చూశావు?"

"ఎలకలు కొట్టేసిన కాగితాలు."

"ఎలకలు అంచులే కొట్టాయి. రాత అలాగే ఉంది. నీకు చదివి వినిపించానని ఆయన చేత్తో రాసిపెట్టుకున్నాడు."

జేబెజ్ ఇంకో పార మట్టి వేశాడు. వేసి, పార నేలలో గుచ్చి, దాని మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. "అయితే?"

"మాథ్యూ, లూక్ ఇద్దరూ తొట్టెలో పిల్లలు. ఎవడూ ఎవడి మీదా చాడీ చెప్పలేదు. ఆ ఒక్క మాట నువ్వు చెప్పుంటే మా నాన్నకీ మీ నాన్నకీ అడ్డం పడ్డానికి ఏం మిగిలేది కాదు."

"ఎవరితో చెప్పమంటావు? మా నాన్నతోనా? నాన్నా, నువ్వు గట్టు తెగ్గొట్టినోడి మనవడివి కాదు, పొట్ట చేతపట్టుకుని వచ్చిన ఫ్రెంచి కూలోడి మనవడివి అని చెప్పాలా? ఈ పారతోనే నా తల పగలగొట్టేవాడు."

"నీ తల పగుల్తుందని మా ఇద్దరి బతుకులూ..."

"నీ బతుకు నాకెందుకు? అప్పుడూ అక్కర్లేదు, ఇప్పుడూ అక్కర్లేదు." అతను కాండ్రించి ఉమ్మి, గొంతు తగ్గించాడు. "శనివారం చదువుతావా? చదువు. మీ నాన్న పోయి నెల కాలేదు. చచ్చేదాకా గట్టు, గట్టు అని చెప్పుకున్నాడు పాపం. ఆయన్ని పరాయోడని నువ్వే ఊరందరి ముందూ నిలబెట్టు. మాకు ముగ్గురు కొడుకులున్నారు, తట్టుకుంటాం. నీకెవరున్నారు?"

కెజయా వచ్చిన దారినే వెనక్కి నడిచింది. ఇంటికి వచ్చి ఆ రెండు రోజులూ ఏ పనీ ముట్టుకోలేదు. కోళ్ళకు గింజలు మాత్రం వేసింది. నాన్న కుర్చీ వంక చూస్తే చదవబుద్ధి కాలేదు. జేబెజ్ మాట గుర్తొస్తే చదవక తప్పదనిపించింది. శనివారం మధ్యాహ్నం కాగితం మడిచి రవికలో పెట్టుకుని బయలుదేరింది.

బడిలో పిల్లల బెంచీల మీద పెద్దవాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. మూడు గంటలకు మొదలైంది. నలభై మంది దాకా వచ్చారు. ఊళ్ళో ఇలాంటి వేడుక రోజూ దొరకదు. జేబెజ్ మాస్టరు కుర్చీలో కూర్చున్నాడు, పక్కన ప్లౌరైట్ పుస్తకం తెరిచి పెట్టుకున్నాడు. ముందు వరుసలో జేబెజ్ కొడుకులు, వాళ్ళ పక్కన మేనమామ సెత్ క్రౌసన్. పాస్టరు గారు వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు.

అభ్యంతరాలేమైనా ఉన్నాయా అని ప్లౌరైట్ అడిగాడు. కెజయా లేచింది. జేబెజ్ ఆమె కళ్ళల్లోకి సూటిగా చూశాడు. ఆమె కాగితం విప్పి చదవడం మొదలుపెట్టింది. చదవడం అలవాటు లేని మనిషి కాబట్టి ఒక్కో మాటా విడదీసి చదివింది. జెహాన్ ద వాస్కాల్, పరాయి మనిషి, కాలువ తవ్వే కూలీ. మునిగిపోవడం దగ్గరికి, తొట్టె దగ్గరికి, ఇద్దరు మగబిడ్డల పేర్ల దగ్గరికి వచ్చి ఆగింది. చివరి వరుస చదవకూడదని ఇంటి దగ్గరే అనుకుంది. అది తన ఇంటి గొడవ కాదు.

వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు బెంచీ మీద నుంచి బెంచీ మీదకు పాకింది.

"అయితే ఆ పలక ఫ్రెంచిలో రాయించాలన్నమాట" అన్నాడు సెత్ క్రౌసన్. బావమరిదే అయినా అందరికన్నా పెద్దగా నవ్వింది అతనే. "జేబెజ్, ఆ పోలండువాడి మీద అర్జీ పెట్టావే, నీ మీద ఎవరు పెడతారయ్యా?"

జేబెజ్ మెడ ఎర్రబడింది. చిన్నకొడుకు లేచి కెజయా వైపు రెండడుగులు వేశాడు, అన్న చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టాడు. ప్లౌరైట్ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. కెజయా కాగితం మడవబోయి, ఆ చెయ్యి వంక చూసింది.

"ఇంకో వరుస ఉంది" అంది. గది ఇంకా గోలగానే ఉంది. ఆమె ఈసారి గొంతు పెంచి చదివింది. తెగ్గొట్టినవాళ్ళు క్రౌసన్, ప్లౌరైట్, ఇంకా కొందరు. వాళ్ళ పేర్లు వేదిక మీద నుంచి చదివాను. ఎవరూ వాళ్ళ మీద చెయ్యి వేయలేదు.

నవ్వు ఒక్కసారిగా కాదు, ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ వచ్చింది. గట్టు తెగ్గొట్టినవాళ్ళ గురించి ఊరంతా పుట్టినప్పటి నుంచీ గొప్పగా చెప్పుకుంటున్నదే. కాని గుడిసెలో నిద్రపోతున్న ఆడమనిషి సంగతి ఎవరూ ఎప్పుడూ చెప్పుకోలేదు. సెత్ క్రౌసన్ టోపీ తీసి, దాని లోపలికి చూస్తూ కూర్చున్నాడు.

"అది మూడొందల ఏళ్ళ నాటి మాటమ్మా" అన్నాడు ప్లౌరైట్.

"మూడొందల ఏళ్ళ నాటి మాట మీదే కదా ఇవాళ పలక పాతుతున్నారు" అంది కెజయా. కూర్చుంది.

తర్వాత పది నిమిషాల్లో అయిపోయింది. ఎవరో పంపు దారి అని పెడితే పోతుందన్నారు. పంచాయతీ సభ్యులు ఏడుగురూ చెయ్యెత్తారు. జేబెజ్ చెయ్యి అందరికన్నా ఆలస్యంగా లేచినా, లేచింది. బయటికి వస్తుంటే కెజయాకు ఎవరూ దారి ఇవ్వలేదు, అడ్డమూ రాలేదు. పాస్టరు గారు మాత్రం ఏదో చెప్పబోయాడు. ఆమె ఆగలేదు.

ఆ ఆదివారం చర్చిలో ఆమె వరుసలో ఎవరూ కూర్చోలేదు. ప్లౌరైట్ భార్య ఎప్పుడూ ఆమె పక్కనే కూర్చునేది, రెండు వరుసలు వెనక్కి జరిగింది. సోమవారం పొద్దున లేచేసరికి గేటుకు అడ్డంగా బండెడు కుళ్ళిన బీట్ దుంపలు పోసి ఉన్నాయి. ఎవరు పోశారో కనుక్కోవడం కష్టం కాదు, ట్రాక్టరు చక్రాల గుర్తులు వంతెన దాకా ఉన్నాయి. ఆమె పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఒక్కతే పారతో ఎత్తిపోసింది. వెస్కెల్ వాళ్ళకు కూడా సుఖం లేకపోయింది. బడిలో జేబెజ్ మనవల్ని ఫ్రెంచోళ్ళా అని పిలుస్తున్నారు. పెద్దమనవడు ఒకడి పన్ను రాలగొట్టి వచ్చాడు. కొట్టు గోడ మీది అర్జీని ఎవరో తీసేశారు. పోలండు కుటుంబం ఆ ఇంట్లో దిగింది. కెజయా వాళ్ళను పలకరించలేదు. ఏ మొహం పెట్టుకుని పలకరించాలో తెలియలేదు.

బీట్ దుంపలు ఎత్తిపోసిన రోజు సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, జేబెజ్ గేటు దగ్గరికి వచ్చాడు. లోపలికి రాలేదు. దుంపలు తన చిన్నకొడుకు పనే అన్నాడు. దానికి క్షమాపణ చెప్పడానికి వచ్చాడేమోనని కెజయా అనుకుంది. అతను వచ్చింది అందుకు కాదు.

"ఒక సంగతి నీకు తెలియాలి. ఊరందరి ముందూ నా బట్టలు ఊడదీశావు కాబట్టి చెప్తున్నా. అమోస్‌కి తెలుసు."

ఆమె పార గోడకు ఆనించింది.

"పాస్టరు చదివిన మాట మాటా వాడికి చెప్పాను. నాన్నకి చెప్పలేదు కాని వాడికి చెప్పాను. వాడే, కెజయాకి చెప్పకన్నాడు. ఎలకలు కొట్టేశాయని చెప్పమన్నదీ వాడే."

"అబద్ధం."

"ఉత్తరం రాసి కనుక్కో. అడ్రసు కావాలంటే ఇస్తా." అతను నిజంగానే జేబులోంచి అడ్రసు ఎత్తి రాసిన చిన్న కాగితం ముక్క తీసి గేటు చెక్కల సందులో దోపి వెళ్ళిపోయాడు.

ఆమె రెండు రోజులు ఆ కాగితం ముట్టుకోలేదు. మూడో రోజు గాలికి ఎగిరిపోబోతుంటే పట్టుకుంది. ఆ రాత్రికి కాదు, మర్నాడు పొద్దున భోజనాల బల్ల దగ్గర కూర్చుని నాలుగు వరుసలు రాసింది. అన్న చెప్పింది నిజమా కాదా, అదొక్కటే అడిగింది. ఇంకేం రాయలేదు. తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. చేతిరాత ఆమెకు తెలియదు, ఇరవై ఆరేళ్ళ కిందట అతను ఆమెకు ఉత్తరాలు రాసింది లేదు.

జేబెజ్ చెప్పింది నిజమేనని అమోస్ రాశాడు. నాకు ఆ ఊళ్ళో, ఆ రెండు గట్ల మధ్య, ఊపిరాడేది కాదు. నిన్ను పెళ్ళి చేసుకుంటే అక్కడే ఉండిపోవాలి, మీ నాన్నకు నువ్వొక్కతివే. పేరు అడ్డం పడటం నాకు ఆరోజు సుఖంగానే అనిపించింది. నీతో ఆ మాట చెప్పే ధైర్యం లేకపోయింది. నన్ను తిట్టుకో. ఇప్పుడు ఇద్దరు మనవలు నాకు. నా భార్యకు ఈ సంగతులేవీ తెలియవు, మళ్ళీ రాయవద్దు.

కెజయా ఉత్తరం రెండుసార్లు చదివింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది, రాలేదు. వచ్చింది కోపమే, అది కూడా ఎవరి మీదో తేల్చుకోలేకపోయింది. లాకుల దగ్గర అతను చలికి వణుకుతూ తన కోటు ఆమె మీద కప్పిన రోజు ఒకటుంది. ఇన్నేళ్ళూ దాన్ని ఆమె పదిలంగా దాచుకుంది. ఆ రోజుకే అతను టికెట్టు కొనుక్కున్నాడేమోనని మొదటిసారి అనుకుంది. నాన్నను తలుచుకుని, చచ్చేముందు ఆయనతో తను సరిగ్గా మాట్లాడకుండా గడిపిన ఎన్నో సాయంత్రాలను తలుచుకుంది. ఆయనదీ తప్పే. కాని పెళ్ళి చెడగొట్టాడని ఆమె ఆయన నెత్తిన వేసిన తప్పు మాత్రం ఆయనది కాదు.

ఇంట్లో టీ పొడి అయిపోయింది. సాయంత్రం నాలుగింటికి సైకిలు మీద కొట్టుకు వెళ్ళింది. ప్లౌరైట్ టీ పొడి తూచి, పొట్లం బల్ల మీద ఆమె వైపు నెట్టాడు. ఆమె సంచిలో వేసుకుంటుండగా జేబెజ్ పొగాకు కోసం లోపలికి వచ్చాడు. ఆమెను చూసి తలుపు దగ్గరే ఆగాడు. కొట్టులో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళున్నారు, వాళ్ళు ఇటు తిరిగారు.

"నువ్వు చెప్పింది నిజమే" అంది కెజయా. "అమోస్ రాశాడు."

జేబెజ్ దెబ్బకు దెబ్బ ఏదో అంటాడని అందరూ అనుకున్నారు. అతను టోపీ వెనక్కి తోసుకుని నుదురు గోక్కున్నాడు.

"నాకు వాడు ఉత్తరం రాసి పదకొండేళ్ళయింది" అన్నాడు. తర్వాత ఇంకా మెల్లగా, "ఎలా ఉన్నాడంట?"

ఇద్దరు మనవలున్నారన్న మాట కెజయా నాలుక చివరిదాకా వచ్చింది. అతని పెద్ద మెడ, ముడతలు పడ్డ మొహం, ఆ కళ్ళల్లో ఆత్రం అన్నీ చూసింది. గేటు ముందు పోసిన దుంపల బరువు ఇంకా ఆమె భుజాల్లో ఉంది.

"అడ్రసు నీ దగ్గరే ఉందిగా" అంది. "రాసి కనుక్కో."

సంచి భుజానికి తగిలించుకుని అతని పక్కనుంచి బయటికి వచ్చింది. వాన తుంపర మొదలైంది. తలకు రుమాలు బిగించుకుని సైకిలు ఎక్కింది.